నన్ను ‘ఓమ్’ అన్నారు

ఆదివారం, జకార్తా.

ఇవాళ్టితో నా కుర్రతనం అయిపోయినట్టే. సుదిర్మాన్ రోడ్డు మీద 18 ఏళ్ల పిల్లాడొకడు ఫోన్ చేతిలో పెట్టి, "ఓమ్, ఓ ఫోటో తీస్తారా?" అన్నాడు. ఓమ్ అంటే బాబాయ్, డచ్చివాళ్లు వదిలెళ్లిన మాట. చెవికి ప్రణవంలా ఉంటుంది గానీ మనసుకి అంత శాంతినివ్వలేదు. మొన్నటిదాకా ‘మాస్’ అనేవాళ్లు, అంటే అన్నయ్యా అని.

ఆదివారం పొద్దున ఈ రోడ్డు మీదికి కార్లు, బైకులు రానివ్వరు. ఈ మధ్య పరుగు పిచ్చి బాగా ముదిరింది. బూట్ల నుంచి కళ్లద్దాల దాకా మ్యాచింగ్ వేసుకొచ్చేవాళ్లని ‘పెలారి కల్చెర్’ అంటారు. పెలారి అంటే రన్నర్; కల్చెర్ మన కల్చరే, కాస్త ఎటకారంగా. 2024లో ‘జోకి స్ట్రావా’ అని ఇంకోటి బయల్దేరింది. స్ట్రావా అంటే ఎవరెంత పరుగెత్తారో లెక్క రాసే యాప్. కిలోమీటరుకి ఇంతని ఇస్తే మన బదులు ఎవరో పరుగెత్తి అందులో మన లెక్కలో వేస్తారు. పూజారికి దక్షిణిచ్చి మన గోత్రం చెప్పించుకున్నట్టు. ఎంత బాగుందో! పొట్ట తగ్గదు, అదొక్కటే లోటు.

ఇదే రోడ్డు మీది దుకు అతాస్ అనే చోట కాసేపు ఆగాను. 2022లో ఇక్కడి జీబ్రా క్రాసింగే ఫ్యాషన్ షో ర్యాంపు. ఊరవతల చితాయం, బోజోంగ్‌గెడే నుంచి పిల్లలు ముస్తాబై లోకల్ రైల్లో దిగి, దాని మీద నడిచేవాళ్లు. మొదటి 25 కిలోమీటర్లకి టికెట్టు 3,000 రుపియానే, మన 20 రూపాయలు కూడా కాదు. ఎస్‌సీబీడీ అనేది ఇక్కడి పెద్ద ఆఫీసుల పేట. ఆ అక్షరాలని వీళ్లు ‘సుదిర్మాన్, చితాయం, బోజోంగ్‌గెడే, దెపోక్’ చేసి పారేశారు. ఇంత ఠీవైన దొంగతనం నేనెక్కడా చూడలేదు. తర్వాత ఓ నటుడి కంపెనీ, ఆ సందడికి వచ్చిన ‘చితాయం ఫ్యాషన్ వీక్’ పేరుని తన పేర రిజిస్టర్ చేయించుకోబోయింది. జనం దుమ్మెత్తిపోస్తే వెనక్కి తగ్గింది. ఇవాళ ఆ క్రాసింగ్ మీద ఎవరి దారిన వాళ్లు పోతున్నారు.

ఫోటో తీశాక ఆ పిల్లాడితో చొక్కా బాగుందన్నాను. పాసార్ సెనెన్ బజార్లో కొన్నాడట, పాతబట్టల కుప్పలోంచి ఏరి. విదేశీ పాతబట్టల దిగుమతి నిషేధం. అక్కడ మాత్రం కుప్ప తరగదు. వాడూ, వాడి స్నేహితులూ కలిసి నలుగురు మెట్ల మీద కూర్చుని సైకిల్ కాఫీ తాగుతున్నారు. సైకిల్‌కి ప్యాకెట్లు వేలాడదీసి, ఫ్లాస్కులో వేణ్ణీళ్లతో తిరిగే కాఫీవాణ్ణి ‘స్టార్లింగ్’ అంటారు, తిరిగే స్టార్‌బక్స్ అని.

"ఇక్కడేం చేస్తున్నారు?"

"నొంగ్‌క్రొంగ్, ఓమ్."

ఏ పనీ లేకుండా నలుగురూ చేరి కూర్చోవడం అన్నమాట. పరుగైనా, పాతచొక్కా అయినా దీనికి దొరికిన వంకేనని నా అనుమానం. పక్కకి జరిగి చోటిచ్చారు. గంట కూర్చున్నాను. లేచేటప్పుడు మోకాలు టక్కుమంది. పాపం, నలుగురూ విననట్టే ఊరుకున్నారు.