ఎక్కడి నుంచి కొలవాలి?

విశాఖ తీరం గురించి నేను తయారుచేస్తున్న వెబ్ పేజీలో ఆర్‌కే బీచ్ మొదలు భీమిలి వరకు ఏ పేరు మీద నొక్కినా, సరిగ్గా దాని కిందనే ఒక చిన్న వివరాల పెట్టె తెరుచుకోవాలని అనుకున్నాను. పేజీ మొదట్లో ఉన్న ఆర్‌కే బీచ్ దగ్గర అది చక్కగానే వచ్చింది. కిందికి స్క్రోల్ చేసి భీమిలి మీద నొక్కితే మాత్రం ఏమీ కనిపించలేదు. వెతగ్గా వెతగ్గా ఆ పెట్టె పైన, ఆర్‌కే బీచ్ పక్కన తేలింది.

మన ఊళ్లో ఫలానా వీధి ఎంత దూరమని అడిగితే, 'జగదాంబ నుంచా, మద్దిలపాలెం నుంచా?' అని ఎదురు ప్రశ్న వేస్తారు. బ్రౌజర్ అలా అడగదు. పేజీలో ఒక భాగం ఎక్కడుందో చెప్పే జావాస్క్రిప్ట్ ఆదేశం గెట్‌బౌండింగ్‌క్లయింట్‌రెక్ట్‌ను పిలిస్తే, ఆ క్షణాన తెరపై కనిపిస్తున్న భాగం పై అంచు నుంచి కొలిచి చెబుతుంది. భీమిలి అనే పదం అడుగు అంచుకు అది 240 పిక్సెళ్లని చెప్పింది. అప్పటికే పేజీ 1,800 పిక్సెళ్లు జరిగి ఉంది. నా పెట్టె స్థానమేమో పేజీ మొదటి నుంచి లెక్క. పేజీ ఎంత జరిగిందో చెప్పే విండో స్క్రోల్‌వై విలువను కలిపి 2,040 అని రాయగానే పెట్టె తన చోటికి వచ్చింది.

అంతకుముందు, తనను చుట్టి ఉన్న భాగం పై అంచు నుంచి దూరం చెప్పే ఆఫ్‌సెట్‌టాప్‌ను ప్రయత్నిస్తే 16 అని వచ్చింది. ఆ పదం ఉన్న కార్డుకు, లోపలి కొలతలకు దాన్నే ఆధారం చేసే పొజిషన్ రిలేటివ్ అనే సీఎస్ఎస్ అమరిక ఇచ్చి ఉండటం వల్ల, కొలత ఆ కార్డు అంచు నుంచే మొదలైంది. ఇలా కొలతకు ఆధారమయ్యే ఆఫ్‌సెట్‌పేరెంట్‌ల వెంట ఒక్కొక్క మెట్టూ పైకి ఎక్కుతూ అన్నింటినీ కూడటం పాత పద్ధతి; అయితే మధ్యలో విడిగా స్క్రోల్ అయ్యే పెట్టె ఉంటే అది ఎంత జరిగిందో చెప్పే స్క్రోల్‌టాప్‌ను మనమే తీసివేయాలి, పైగా ట్రాన్స్‌ఫార్మ్ అనే సీఎస్ఎస్ అమరికతో జరిపిన దూరం అందులో లెక్కకు రాదు, భిన్నాలు పూర్ణాంకాలుగా మారిపోతాయి. అందుకే నేను గెట్‌బౌండింగ్‌క్లయింట్‌రెక్ట్ పద్ధతినే ఎంచుకుంటాను. ట్రాన్స్‌ఫార్మ్ యానిమేషన్‌తో కదులుతున్న కార్డు అసలు చోటు తెలియాలంటే మాత్రం ఆఫ్‌సెట్‌టాపే సరైనది.

ఇంకొక చిక్కు మిగిలింది. కైలాసగిరి ఫోటో ఆలస్యంగా లోడై కింది పాఠాన్నంతా నెట్టేయడంతో, అప్పటికే తెరిచి ఉన్న పెట్టె తన పదానికి దూరమైపోయింది. ఇప్పుడు ఇమేజ్ ట్యాగుల్లో వెడల్పు, ఎత్తు రాసి ఉంచాను. ఫోటో రాకముందే దాని చోటు ఖాళీగా వేచి ఉంటోంది.