కుండలో మోగిన బేస్

పూర్వ విద్యార్థుల సంచికకి ఏదైనా రాయమంటే అందరూ ల్యాబుల గురించి, మెస్‌లో నీళ్ల సాంబారు గురించి రాస్తారని నాకు తెలుసు. నేను కుండ గురించి రాస్తాను.

సెకండ్ ఇయర్‌లో నా రూమ్మేట్ కోఠి గుజరాతీ గల్లీకి వెళ్లి ఒక టీడీఏ 2030 ఐసీ, ట్రాన్స్‌ఫార్మరు, పాత కారులోంచి ఊడదీసిన స్పీకరు పట్టుకొచ్చాడు. రెండు రాత్రుల్లో యాంప్లిఫయర్ తయారైంది. స్పీకరుకి చెక్క డబ్బా చేయించడానికి మాత్రం డబ్బుల్లేవు. వేసవి అయిపోయి మూలన పడున్న మంచినీళ్ల కుండ వాడి కంట్లో పడింది. దాని మూతి మీద స్పీకర్ని వెల్లకిలా కూర్చోబెట్టి, సందుల్లో సైకిల్ ట్యూబు ముక్కలు కుక్కాడు. ఆన్ చేస్తే మంచం ఊచలు కూడా గుంయ్‌మన్నాయి.

ఆ కుండకి తగిన క్యాసెట్ ఒక సీనియర్ దగ్గర దొరికింది. న్యూజెర్సీలో ఉన్న వాళ్లన్నయ్య రికార్డు చేసి పంపిన 90 నిమిషాల టేపు. అట్ట లేదు, బాల్ పెన్నుతో 'లో ఎండ్' అని ఉందంతే. అది ఎ ట్రైబ్ కాల్డ్ క్వెస్ట్ అనే న్యూయార్క్ గ్రూపు 1991 సెప్టెంబరులో విడుదల చేసిన రెండో ఆల్బమ్ 'ది లో ఎండ్ థియరీ' అని తెలియడానికి మాకు ఏడాది పట్టింది. ర్యాప్ అంటే అప్పటికి మాకు 'పేట ర్యాప్' ఒక్కటే.

మొదటి పాట 'ఎక్స్‌కర్షన్స్'లో ముందు బేస్, అంటే లోతుగా మోగే తీగ వాద్యం, ఒక్కటే వస్తుంది. దాని మీద ఒక గొంతు, తాపీగా. డ్రమ్స్ కాసేపటికి గానీ రావు. ఈలోపు కుండలో ఆ తీగ నడుస్తుంటే ఎవడో పెద్దాయన వరండాలో చెప్పుల్లేకుండా తిరుగుతున్నట్టుండేది. మాటలు ఒక్క ముక్క అర్థమయ్యేవి కావు. అయినా రోజూ రాత్రి పదింటికి అదే.

పక్క రూములో విజయనగరం కుర్రాడు ఉండేవాడు, చిన్నప్పుడు మృదంగం నేర్చుకున్నవాడు. వేళ్లు మడుస్తూ రెండు మూడు రోజులు విని, "ఇక్కడ ఏదో అతుకుంది మావా" అన్నాడు. మేం నవ్వాం. ఆ బేస్ ఆర్ట్ బ్లేకీ అనే డ్రమ్మర్ జాజ్ రికార్డులోదనీ, అక్కడ అది ఆరు మాత్రల నడకలో ఉంటే గ్రూపులో ర్యాపర్ క్యూ-టిప్ దాన్ని నాలుగు లెక్కలోకి సర్దాడనీ చాలా ఏళ్ల తర్వాత చదివాను. వాడికి క్షమాపణ మెసేజ్ పెట్టాను. బొటనవేలు గుర్తు ఒకటి పంపి ఊరుకున్నాడు.

మాటలు కూడా తర్వాతే అర్థమయ్యాయి. ఆ మొదటి పాటలోనే క్యూ-టిప్, వాళ్ల నాన్నకి హిప్‌హాప్ వింటే బీబాప్ అనే పాత జాజ్ గుర్తొచ్చేదని చెబుతాడు. ఆల్బమంతా ఆ తండ్రి మాట మీదే నడిచిందని నాకనిపిస్తుంది. పాత జాజ్ ముక్కలు తీసుకోవడంతో వాళ్లు ఆగలేదు. జాజ్ ట్రంపెట్ దిగ్గజం మైల్స్ డేవిస్‌తో వాయించిన రాన్ కార్టర్‌ని, అప్పటికే యాభై దాటిన మనిషిని, ఒక పాటకి డబుల్ బేస్ వాయించమని స్టూడియోకి పిలిచారు. బూతులు ఉండకూడదని ఆయన షరతు పెట్టాడట. మన ఇళ్లల్లో కచేరీకి పిలిస్తే పెద్దాయన ముందుగా కాఫీలో చక్కెర తగ్గించమన్నట్టు! ఆ లోతు శబ్దం చెదిరిపోకుండా పట్టుకున్న సౌండ్ ఇంజినీరు బాబ్ పవర్. కుండ లేకుండానే సాధించాడు మరి.

నాకు గ్రూపులో రెండో ర్యాపర్ ఫైఫ్ డాగ్ అంటే ఇష్టం. పొట్టివాడు, గొంతు సన్నం, మాట సూది. మొదటి ఆల్బమ్‌లో పెద్దగా కనపడడు. ఇందులో క్యూ-టిప్‌తో సమానంగా నిలబడతాడు. ఇద్దరూ న్యూయార్క్‌లోని క్వీన్స్‌లో చిన్ననాటి స్నేహితులు. క్యూ-టిప్, డీజే అలీ షహీద్ ముహమ్మద్ మన్‌హట్టన్‌లో ఒకే హైస్కూల్లో చదివారు. ఆ గ్రూపుకి పేరు పెట్టింది కూడా అదే స్కూలు కుర్రాడు, జంగిల్ బ్రదర్స్ అనే ఇంకో ర్యాప్ గ్రూపులోని ఆఫ్రికా అనేవాడు. పూర్వ విద్యార్థుల సంచికలో వాళ్లకీ ఒక పేజీ ఇవ్వొచ్చన్నమాట. ఫైఫ్ 2016 మార్చిలో పోయాడు, 45 ఏళ్లకి, షుగర్ వల్ల. మన బ్యాచ్‌లో సగం మంది జేబుల్లో ఇప్పుడు ఆ మాత్రలే.

ఉద్యోగం మీద న్యూయార్క్ వెళ్లినప్పుడు ఒక ఆదివారం ఫ్లషింగ్ గణేశుడి గుడి క్యాంటీన్‌లో దోసె తిని, అక్కణ్ణించి క్వీన్స్‌లోనే ఉన్న జమైకా పేటకి వెళ్లి, క్యూ 4 బస్సెక్కి లిండెన్ బులెవార్డ్‌లో దిగాను. వాళ్ల పాటల్లో వచ్చే వీధి అదే. 192వ వీధి మూల మీద ఫైఫ్ పేరుతో బోర్డుంది. పెద్దగా చూడ్డానికేం లేదు. పది నిమిషాలు నిలబడి వచ్చేశాను.

సీడీ కొన్నది ఆ ట్రిప్పులోనే. ఇక్కడ ఒక సంగతి చెప్పాలి. ఆల్బమ్ దాదాపు 48 నిమిషాలు. మా టేపు ఒక వైపు 45. అందువల్ల చివరి పాట 'సినారియో' ఫైఫ్ మొదలుపెట్టీ పెట్టగానే టక్కున ఆగిపోయేది. పాటే అంత అనుకున్నాం. థర్డ్ ఇయర్‌లో కుండ పగులు తీస్తే ఎం-సీల్ పెట్టి నడిపించాం గానీ, ఆ పాట పూర్తిగా వినాలన్న ఆలోచన ఎవడికీ రాలేదు.

ఆ రాత్రి హోటల్ రూములో సీడీ పెట్టాను. మూడు నిమిషాలు దాటాక, పాట చివర, బస్టా రైమ్స్ అనేవాడు పులివేషం కట్టినవాడిలా గర్జిస్తూ వచ్చిపడ్డాడు. నేను మంచం మీంచి లేచి నిలబడ్డాను. వెంటనే రూమ్మేట్‌కి ఫోన్ చేసి, మాట్లాడకుండా స్పీకరు దగ్గర పెట్టాను. మొత్తం విన్నాడు.

"వీడెవడ్రా బాబూ, ఇన్నేళ్లు ఎక్కడున్నాడు?" అన్నాడు. కాసేపాగి, "బేస్ రావట్లేదు మావా. కుండలో పెట్టు."