తలలు మాత్రమే లెక్కపెట్టాలి

సీసా మూత తీసి, రెండు మిల్లీమీటర్ల నత్తనొకదాన్ని ఫోర్సెప్స్‌తో పట్టుకున్నాను. పట్టుకోగానే గుల్ల సుద్దలా పొడైపోయింది. ఇంకోటి తీశాను, అదీ అంతే. పదిహేను సీసాల్లో ఏది చూసినా గుల్లలు తెల్లబడి, మెత్తబడి ఉన్నాయి. ఉప్పు చిత్తడి నేలలోని అకశేరుకాల మీద నా పని మొదలై అప్పటికి మూడు నెలలు.

కారణం చాలా చిన్నది. బురదలోంచి తీసిన జీవులు కుళ్ళిపోకుండా వాటిని 10 శాతం ఫార్మలిన్‌లో వేస్తాం. ఫార్మలిన్ నిలవున్న కొద్దీ ఆమ్లంగా మారి, గుల్లలోని కాల్షియం కార్బొనేట్‌ను కరిగించేస్తుంది. అందుకే ముందుగా బోరాక్స్ కలపాలి, తర్వాత జీవుల్ని 70 శాతం ఆల్కహాల్‌లోకి మార్చాలి. నేను ఆ రెండూ చేయలేదు, సీసాలు అలమరలో పెట్టి, బురదలో దొరికే సన్నటి పొడవాటి పురుగుల లెక్కలో పడిపోయాను. అంత చిన్న నత్తల్ని వేరు చేసేది ఎక్కువగా గుల్లను చూసే: ఎన్ని చుట్లున్నాయి, నోరు ఏ ఆకారంలో ఉంది, మొన ఎలా ఉంది. గుల్లే పోతే ఇక చూడ్డానికేముంది?

బాధ ఎందుకంటే, నేను ఈ పనిలోకి వచ్చిందే నత్తల కోసం. అమెరికాలోని జార్జియా తీరంలో బ్రయాన్ సిల్లిమన్, మార్క్ బెర్ట్‌నెస్ చేసిన ప్రయోగం 2002లో వచ్చింది. వేటాడే పీతలు, తాబేళ్లు లేని చోట నత్తలు పెరిగిపోతే, పచ్చగా ఉన్న స్పార్టినా గడ్డి నేల ఎనిమిది నెలల్లోనే ఒట్టి బురదగా మారిపోతుందని వాళ్లు చూపించారు. అప్పటిదాకా ఈ నేలల్ని నడిపేవి నీరు, ఉప్పు, పోషకాలే అన్న నమ్మకం బలంగా ఉండేది. గోటి మీద పట్టేంత జీవి ఒక నేల రూపాన్నే మార్చగలదన్న మాట నన్ను వదల్లేదు.

మళ్లీ మొదటి నుంచీ తీయాల్సి వచ్చింది. ఆటు సమయం రోజుకు దాదాపు 50 నిమిషాలు ఆలస్యమవుతుంది, కాబట్టి మన వీలు చూసుకుని వెళ్తే కుదరదు. అమావాస్య, పౌర్ణమి దగ్గర్లో నీళ్లు బాగా వెనక్కి పోతాయి. ఆ రోజులు చూసుకుని వెళ్లి కాలవ అంచున, మధ్యలో, ఎత్తున ఉన్న గడ్డిలో అయిదేసి కోర్‌లు, అంటే గొట్టంతో తీసే మట్టి నమూనాలు, తీశాను. 10 సెంటీమీటర్ల అడ్డకొలత ఉన్న గొట్టాన్ని బురదలోకి దింపి, పైన మూత బిగించి లాగాలి. పైన పల్చటి గోధుమరంగు పొర, దాని కింద నల్లటి బురద, కుళ్ళిన గుడ్ల వాసన. గాలి అందని మట్టిలో బాక్టీరియా వదిలే హైడ్రోజన్ సల్ఫైడ్ అది. ఫిడ్లర్ పీత బొరియ పక్కన తీసిన కోర్‌లో మాత్రం నలుపు మధ్యలో గోధుమరంగు గీత కిందిదాకా దిగి ఉంది. బొరియ వెంట గాలి ఎంత లోతుకు వెళ్తుందో అక్కడ కళ్లారా చూశాను.

జల్లెడ పట్టడం ఒంటికి కష్టం, ఏరడం మనసుకు కష్టం. అర మిల్లీమీటరు జల్లెడలో మిగిలేది సగానికి పైగా వేళ్ల పీచే. రోజ్ బెంగాల్ రంగు వేస్తే జీవులు గులాబీ రంగుకు తిరుగుతాయి కానీ, కుళ్ళిన పీచు కూడా కొంచెం ఆ రంగు పీల్చుకుంటుంది. దాంతో మైక్రోస్కోప్ కింద ప్రతి గులాబీ దారాన్నీ కదిపి చూడాల్సిందే. ఒక్క కోర్‌కు ఒక పూర్తి రోజు పట్టేది.

పురుగులు తెగిపోతాయి. ఒకటే మూడు ముక్కలై కనిపిస్తుంది. మొదట్లో నేను ముక్కల్ని కూడా లెక్కేశాను. మా గైడ్ మేడమ్ పట్టిక చూసి, "తలలు ఎన్నమ్మా? తలలు మాత్రమే లెక్కపెట్టు" అన్నారు. అంత పట్టింపు ఎందుకో లెక్క వేశాకే అర్థమైంది. నా కోర్ వైశాల్యం 78.5 చదరపు సెంటీమీటర్లు. చదరపు మీటరుకు మార్చాలంటే 127తో గుణించాలి. పీచులో ఒక్క తల నా కంటికి దొరక్కపోతే ఆ కోర్ లెక్కలో 127 పురుగులు మాయం. అది తెలిశాక ఏరేసిన పీచును కూడా పారేయకుండా రెండోసారి చూడటం మొదలుపెట్టాను. అందులోనూ దొరికాయి.

ఈసారి నత్తలు నిలిచాయి. ఆల్కహాల్‌లోంచి తీసి పెట్రీ గిన్నెలో వదిలితే గాజుకు తగిలి టిక్కుమన్నాయి. ఆ చప్పుడు విన్నాక టెన్షన్ చాలావరకు తగ్గింది.

పురుగుల పేర్ల దగ్గర మాత్రం ఇంకో పాఠం మిగిలింది. సన్నగా ఎర్రగా వానపాములా ఉన్నవాటి ఎదురుగా "కాపిటెల్లా కాపిటేటా" అని జాతి పేరు ధైర్యంగా రాసేశాను. మేడమ్ పెన్సిల్‌తో కొట్టేశారు. శాస్త్రవేత్తలు జూడిత్ గ్రాసల్, ఫ్రెడరిక్ గ్రాసల్ 1976లోనే, ఒకే జాతి అనుకున్న ఈ పురుగులో కనీసం ఆరు జాతులున్నాయని తేల్చారు. పైకి దాదాపు ఒకేలా ఉంటాయి, తేడా అంతా జీవితచక్రంలో, ఎంజైముల్లో. ఫార్మలిన్‌లో ఉన్న పురుగును మైక్రోస్కోప్ కింద చూసి వాటిని విడదీయడం నా వల్ల కాదు. ఇప్పుడు నా పట్టికలో ఆ వరుసకు జాతి పేరు లేదు. "కాపిటెల్లిడే" అని కుటుంబం పేరు, పక్కన తలల సంఖ్య, అంతే.