పరావలయం గీసిన సాయంత్రం
నాన్న ముప్ఫై ఏళ్లు లెక్కలు చెప్పారు. ఫోను చేతిలో ఉంటే చదువు సాగదని ఆయన నమ్మకం. నిన్న మా అమ్మాయి వర్గ సమీకరణాలు చదువుతూ ఫోనులో గ్రాఫులు గీసే జియోజీబ్రా యాప్ తెరవగానే ముఖం ముడుచుకున్నారు.

"తాతయ్యా, ఇలా చూడండి" అంటూ అది ఎక్స్ వర్గం ముందున్న గుణకాన్ని వేలితో జరిపింది. 2 నుంచి సున్నా వైపు వస్తుంటే పరావలయం, అంటే తెర మీది గిన్నెలాంటి వంపు గీత, వెడల్పయింది. సున్నా దగ్గర సరళరేఖ అయింది. రుణ సంఖ్య కాగానే తలకిందులైంది. నాన్న కళ్లద్దాలు సవరించుకుని మళ్లీ జరపమన్నారు. మళ్లీ, మళ్లీ. ఈ ఒక్క మార్పు చూపించడానికి నల్లబల్ల మీద ఆయన ఎన్ని గ్రాఫులు గీసి చెరిపేవారో నాకు తెలుసు. నేనూ ఆయన విద్యార్థినే.

తర్వాత కాగితం మీద గీయమన్నారు. అయిదు బిందువులు గుర్తించడానికే అమ్మాయి తడబడింది. ఆయన కోప్పడలేదు, పక్కన కూర్చుని విలువల పట్టిక వేయించారు.

2023లో స్వీడన్ ప్రభుత్వం బడుల్లో అచ్చు పుస్తకాలకు మళ్లీ ప్రాధాన్యం ఇస్తామన్నప్పుడు నాన్నతో గట్టిగా వాదించాను. నిన్న మాత్రం ఎవరి పక్షమూ వహించాలనిపించలేదు. రాత్రి పదింటి దాకా ఇద్దరూ ఆ బల్ల దగ్గరే ఉన్నారు. పెన్సిలు అమ్మాయి చేతిలో, ఫోను తాతయ్య చేతిలో.