మడతలో వదిలిన గుడ్డ

1974 జూన్‌లో కావలిలో మన బడిలో ఆరో తరగతిలో చేరిన రోజు నా ఖాకీ నిక్కరు మోకాళ్ళు దాటి కిందికి వేలాడింది. "పెరిగే పిల్లోడు, రెండేళ్ళు రావాల" అని అమ్మ చెబితే, ట్రంకు రోడ్డులో మాకు కుట్టే భాయ్ అంచు లోపల ఇంకా మూడంగుళాల గుడ్డ మడిచి వదిలాడు. ఏడో తరగతిలో ఒక మడత విప్పారు, ఎనిమిదిలో ఇంకోటి. బట్టంతా ఎండకు వెలిసిపోయినా, మడతలో దాగిన మేర మాత్రం కొత్త ఖాకీ రంగు పట్టీలాగా తేలేది. ప్రార్థనలో వరసగా నిలబడితే, నిక్కర్ల మీద పట్టీలు చూసి ఎవడు ఎంత పొడుగయ్యాడో చెప్పేవాళ్ళం.

ఆ గుడ్డ పేరు డ్రిల్. దగ్గర పెట్టుకుని చూస్తే సన్నటి ఏటవాలు గీతలు కనిపిస్తాయి. దారం రెండు మూడు దారాల మీదుగా పోయి ఒకదాని కిందికి దిగుతుంది, తర్వాతి వరసలో ఆ దిగే చోటు ఒక దారం పక్కకు జరుగుతుంది. గీత అట్లా పడుతుంది. ఇది చూపించింది మన సైన్సు అయ్యవారు.

ఆయన్ని పంచెలో తప్ప చూసిన వాళ్ళు మనలో లేరు. సన్నంచు వెంకటగిరి పంచె, తెల్ల చొక్కా, ఎడం చేతికి హెచ్ఎంటీ వాచీ. మొదటి గంట కొట్టే ముందు దానికి కీ ఇచ్చుకునేవారు. ఎనిమిదో తరగతిలో ఒకరోజు కొవ్వొత్తి వెలిగించి, ఉన్ని మఫ్లరు పోగొకటి, టెరిలిన్ అనే పాలియెస్టరు పోగొకటి బల్ల మీద పెట్టారు. మూడోది తన పంచె చివర్నుంచే లాగారు. నూలు పోగు కాగితంలా భగ్గున మండి మెత్తటి బూడిదైంది. ఉన్ని వెంట్రుకలు కాలిన కంపు కొట్టి, నలిపితే పొడయ్యే నల్ల ఉండ మిగిలింది. టెరిలిన్ మాత్రం కరిగి, గోటితో గిచ్చినా పగలని గట్టి పూసైంది. ఆ పూసని చేయి చేయి మార్చుకుంటూ తరగతంతా చూశాం.

తర్వాత లెక్క చెప్పమన్నారు. ఆ పంచె నూలు నూరో నంబరు. అంటే 840 గజాల చిలపలు (నూలు చుట్టలు) నూరు కలిస్తే ఒక పౌండు బరువు. 84 వేల గజాలని ఎవరో అరిచారు. "అంటే దగ్గర దగ్గర 77 కిలోమీటర్లు. మన కావలి నుంచి పరిచిపెడితే నెల్లూరు దాటిపోద్ది అబ్బయా" అన్నారు. నూలంటే నాకు గౌరవం కలిగింది ఆ మాటతోనే.

కాలేజీలో అదంతా మరిచాను. అందరికీ టెరికాటన్ మోజు. మూడింట రెండొంతులు పాలియెస్టరు, ఒక వంతు నూలు. మడత నలగదు, ఇస్త్రీ బాధ తక్కువ. కానీ చెమట పీల్చదు. మన మే నెల ఎండల్లో వీపుకి అతుక్కుపోతున్నా నేను అదే వేసుకుని తిరిగాను, ఇరవై ఏళ్ళ ఒంటికి ఏదైనా చెల్లింది. ఇప్పుడు ఒళ్ళే గుడ్డని ఎంచుకుంటోంది. ఇంట్లో నూలు పంచె, బయటికి వదులు చొక్కా. తోలు బెల్టు మాత్రం పాతదే. నా యాభైల్లో వాడిన రంధ్రం సాగి కోలగా అయింది. షుగరు వచ్చి చిక్కాక, లోపలి వైపు కొత్త రంధ్రం కొట్టించాను.

అరవై దాటితే వెన్నుపూసల మధ్య మెత్తలు అణిగి మనిషి కాస్త పొట్టి అవుతాడట. డాక్టరు చెప్పినప్పుడు నమ్మలేదు. మన బడి పాత విద్యార్థుల కలయిక కోసం పాత గ్యాబర్డిన్ ప్యాంటు తీసి తొడిగితే మడమల కింద నలిగింది. గ్యాబర్డిన్ కూడా మన డ్రిల్‌కి దగ్గర చుట్టమే, అదే ఏటవాలు నేత, ఇంకా బిగుతు. 1879లో ఇంగ్లండులో థామస్ బర్బెరీ వానకి తట్టుకునే గుడ్డగా తయారు చేశాడు. నాకు మాత్రం అది నాయన నా మొదటి జీతం నాడు దగ్గరుండి కొనిపించిన గుడ్డ.

పోయిన నెల కావలి వెళ్ళి అదే కొట్టులో ఇచ్చాను. భాయ్ లేడు, కొడుకు కుడుతున్నాడు. నన్ను అద్దం ముందు నిలబెట్టి, కింద కూర్చుని సుద్దతో గీత గీశాడు. "కత్తిరించేదా సార్?" అన్నాడు.

"వద్దు భాయ్, లోపలే ఉండనీ."

అంగుళంన్నర లోపలికి మడిచి, మిషను ఎక్కించకుండా, విప్పడానికి తేలికగా చేత్తో దూరం దూరం కుట్లు వేశాడు.