ఫ్రంట్‌పేజ్ పోయింది, దాని ఫోల్డర్లు మిగిలాయి

బెంగళూరు పీణ్యలోని చిన్న కంపెనీల పాత సైట్లను కొత్త హోస్టింగ్‌కి మార్చే మన డెవలపర్లకు ఇది పనికొస్తుంది. బ్యాకప్ జిప్ విప్పగానే _వీటీఐ_సీఎన్ఎఫ్, _వీటీఐ_పీవీటీ ఫోల్డర్లు కనిపించాయంటే, ఆ సైటు ఫ్రంట్‌పేజ్ అనే పాత వెబ్‌పేజీల సాఫ్ట్‌వేర్‌తో కట్టిందే.

వీటీఐ అంటే వెర్మీర్ టెక్నాలజీస్. 1994లో అమెరికాలో చార్లెస్ ఫెర్గూసన్, రాండీ ఫోర్‌గార్డ్ పెట్టిన కంపెనీ అది. 1995లో ఫ్రంట్‌పేజ్ తెచ్చింది. 1996 జనవరిలో మైక్రోసాఫ్ట్ సుమారు 13 కోట్ల డాలర్లకు దాన్ని కొనేసింది.

ఫ్రంట్‌పేజ్ ఉంటే, పేజీలు రాసే కోడ్ అయిన హెచ్‌టీఎంఎల్ రాకపోయినా పేజీ కట్టుకోవచ్చన్న సంగతే అందరికీ గుర్తు. నా లెక్కలో దాని అసలు బలం సర్వర్ ఎక్స్‌టెన్షన్స్, అంటే సర్వర్‌లో వేసే అదనపు ప్రోగ్రాములు. అవి సర్వర్‌లో ఉంటే చాలు, పెర్ల్ భాషలో కోడ్ ముట్టుకోకుండానే ఫారం, సెర్చ్, హిట్ కౌంటర్ నడిచేవి. ఆ రోజుల్లో అదెంత సాయమో!

దాన్ని ముంచిందీ అవే. ఫ్రంట్‌పేజ్‌ను పక్కనపెట్టి, ఫైళ్లు నేరుగా ఎక్కించే ఎఫ్‌టీపీతో మారిస్తే సీఎన్ఎఫ్ ఫోల్డర్‌లోని వివరాలతో పొంతన తప్పేది. యునిక్స్ సర్వర్లలో పర్మిషన్లు సరిగా లేకపోతే పీవీటీ ఫోల్డర్‌లోని పాస్‌వర్డ్ హ్యాష్‌లు (గుప్తరూపంలోని పాస్‌వర్డ్‌లు) బయటపడేవి. 2003 వెర్షనే ఆఖరిది. 2006లో దాని స్థానంలో ఎక్స్‌ప్రెషన్ వెబ్, షేర్‌పాయింట్ డిజైనర్ వచ్చాయి.

ఇక మార్పిడి పని. _వీటీఐ_తో మొదలయ్యే ఫోల్డర్లేవీ ఎక్కించకండి. _డిరైవ్డ్ మాత్రం చెత్తలా కనిపించినా తీయొద్దు: మెనూ బటన్ల బొమ్మలు అందులోనే ఉంటాయి. _థీమ్స్ కూడా అంతే. _ప్రైవేట్‌లో ఫారం నింపినవాళ్ల పేర్లు, ఫోన్ నంబర్లు ఉండొచ్చు. ముందు దాన్ని పక్కకు తీసి దాచండి.

ఫారం యాక్షన్‌లో "వెబ్‌బాట్-సెల్ఫ్" అని ఉంటే, సబ్మిట్ నొక్కగానే చాలా చోట్ల 405 ఎర్రర్ (సర్వర్ ఆ పద్ధతిని ఒప్పుకోదని) వస్తుంది. ఆ ఫారాన్ని తీసుకునే ఎక్స్‌టెన్షన్ కొత్త సర్వర్‌లో లేదు కాబట్టి పీహెచ్‌పీతో కొత్తది రాయాల్సిందే. ఒక పేజీలో ఇంకో పేజీని చేర్చే ఇన్‌క్లూడ్ బాట్ అంత ఇబ్బంది పెట్టదు. పబ్లిష్ అయిన పేజీలో స్టార్ట్‌స్పాన్, ఎండ్‌స్పాన్ కామెంట్ల మధ్య విషయమంతా ఉంటుంది, పేజీ మామూలుగానే కనిపిస్తుంది. విండోస్ నుంచి లినక్స్‌కి వెళ్తే ఫైలు పేర్లలో పెద్దక్షరం, చిన్నక్షరం తేడాకే లింకులు తెగుతాయి.

తెలుగు పేజీలుంటే ఇంకో చిక్కు. పాత ఫాంట్లతో టైపు చేసిన తెలుగు, లోపల విండోస్-1252 లాటిన్ అక్షరాలే. ఎన్‌కోడింగ్‌ను యూటీఎఫ్-8కి మార్చినంత మాత్రాన అది తెలుగు అవ్వదు. ఫాంట్ ట్యాగ్‌లో పేరు చూసి, ఆ ఫాంట్‌కు సరిపోయే కన్వర్టర్‌తోనే యూనికోడ్‌లోకి తేవాలి. అందుకే ఆ పని అయ్యేదాకా ఫాంట్ ట్యాగులు చెరపకండి.