ఎస్ అని వచ్చినా సరే

మా ల్యాబ్ కిటికీ దగ్గరికి వచ్చే వాళ్లది ఒకటే ప్రశ్న: "కల్చర్ రిపోర్ట్ వచ్చిందా మేడమ్?" రక్తంలో ఏ క్రిమి ఉందో, దానికి ఏ మందు పనిచేస్తుందో చెప్పే రిపోర్ట్ అది. పోయిన నెలలో ఒకబ్బాయి రోజుకి నాలుగుసార్లు వచ్చేవాడు. వాళ్ల నాన్న ఐసీయూలో ఉన్నాడు. మూడు రోజులు పడుతుంది బాబూ అంటే, "ఇంత పెద్ద ఆస్పత్రిలో కూడానా?" అన్నాడు.

ఎక్కడైనా అంతే. క్రిమి పెరగాలిగా! రోగి నుంచి తీసిన రక్తం పోసిన సీసాలు మెషీన్‌లో పెడతాం, పెరిగితే అది కూస్తుంది. వాళ్ల నాన్న సీసా పద్నాలుగు గంటలకే కూసింది. అంత త్వరగా కూస్తే నాకు గుబులు. స్లైడ్ చూసి వెంటనే వార్డుకి ఫోన్ చేశాం. మర్నాడు ప్లేట్ నిండా గులాబీరంగు కాలనీలు, అంటే క్రిమి గుంపులు. లూప్ అనే సన్నటి తీగతో ఎత్తితే తీగపాకంలా సాగాయి. క్లెబ్సియెల్లా అనే బ్యాక్టీరియా.

మూడో రోజు మందు బిళ్లల ప్లేట్ తీశాను. క్రిమి పూసిన ప్లేట్ మీద ఒక్కో యాంటీబయాటిక్‌కి ఒక్కో చిన్న బిళ్ల పెడతాం. మందు పనిచేస్తే బిళ్ల చుట్టూ ఖాళీ వలయం ఉంటుంది. సెఫ్ట్రియాక్సోన్ బిళ్లని ఆనుకుని మరీ పెరిగింది. అది ఆర్, అంటే రెసిస్టెంట్, మందుకి లొంగదు. అప్పటికే ఆయనకి ఎక్కిస్తున్న పిప్టాజ్ (పిపెరాసిలిన్, టాజోబాక్టమ్ కలిపిన మందు) చుట్టూ మాత్రం చక్కటి వలయం. ఎస్, అంటే ససెప్టిబుల్, మందుకి లొంగుతుంది. హమ్మయ్య అనుకున్నాను.

మా మైక్రోబయాలజీ మేడమ్ మాత్రం ఊరుకోలేదు. వార్డుకి ఫోన్ చేసి మెరోపెనెమ్ అనే ఇంకో యాంటీబయాటిక్‌కి మార్చమన్నారు. ఎస్ వచ్చిందిగా మేడమ్ అన్నాను. అప్పుడు చెప్పారు, 2018లో వచ్చిన మెరినో ట్రయల్ అనే పరిశోధన గురించి. 9 దేశాల్లో, రక్తంలో సరిగ్గా ఇలాంటి ఇన్‌ఫెక్షన్ ఉన్నవాళ్లలో కొందరికి పిప్టాజ్, కొందరికి మెరోపెనెమ్ ఇచ్చి చూశారు. నెలలోపు పిప్టాజ్ వాళ్లలో 187 మందికి 23 మంది పోయారు, మెరోపెనెమ్ వాళ్లలో 191 మందికి ఏడుగురు. పిప్టాజ్ వాళ్లందరికీ ల్యాబ్ ఇచ్చిన రిపోర్ట్ ఎస్సే! ఈ క్రిమి మందుని ముక్కలు చేసే ఎంజైమ్‌ని తయారుచేస్తుంది. దాన్ని ఆపడానికే పిప్టాజ్‌లో టాజోబాక్టమ్ కలుపుతారు. ప్లేట్ మీద ఆపినట్టే రక్తంలోనూ ఆపుతుందని నమ్మకం లేదు. పదకొండేళ్ల నుంచి ఆ అక్షరం టైప్ చేస్తున్నాను, ఎప్పుడూ ఇంత ఆలోచించలేదు.

ఇక మెరోపెనెమ్ చుట్టూ కూడా వలయం లేని ప్లేట్లు వస్తున్నాయి, అవి చేతిలోకి తీసుకున్నప్పుడు ఎవరం మాట్లాడం.

మందు మార్చాక మళ్లీ రక్తం పంపారు. ఆ సీసాలు ఐదు రోజులూ మెషీన్‌లోనే ఉన్నాయి. దాటి వెళ్లినప్పుడల్లా చూస్తూనే ఉన్నాను. కూయలేదు. ఆ అబ్బాయి కూడా కిటికీ దగ్గరికి రావడం మానేశాడు. వాళ్ల నాన్నని జనరల్ వార్డుకి మార్చారట.